ఊ కొట్టడం ఎక్కడ ఆగింది: చదివి వినిపించిన పాత భయానక కథలపై ఒక సమీక్ష

కథ చెప్పేవారికి ఊ కొట్టేవారు ఉండాలంటారు. రికార్డు చేసిన గొంతుకు ఆ అవసరం లేదు. మనం ఊ కొట్టినా కొట్టకపోయినా అది తన దారిన తాను సాగిపోతుంది. అయినా తొమ్మిదో తరగతి చదువుతున్న మా మేనల్లుడు స్పీకర్‌లోంచి వచ్చే గొంతుకు కూడా తనకు తెలియకుండానే ఊ కొడుతుంటాడు. గత నాలుగు నెలలుగా వారాంతపు రాత్రుల్లో నేను, మా అక్క, ఆమె కొడుకు, దెయ్యాల మాట ఎత్తితేనే నవ్వే నా మిత్రుడు ఒకరు కలిసి కూర్చుని, పంతొమ్మిదో శతాబ్దంలోనూ ఇరవయ్యో శతాబ్దపు తొలి రోజుల్లోనూ వచ్చిన ఆంగ్ల భయానక కథలను ఆడియో రూపంలో విన్నాము. ఏ కథలో ఏ వాక్యం దగ్గర ఆ ఊ ఆగిపోయిందో ఒక కాగితం మీద రాసిపెట్టుకుంటూ వచ్చాను. ఈ సమీక్షకు ఆ కాగితమే ఆధారం.

మేము విన్న కథలు రెండు చోట్ల దొరికినవి. మొదటిది లిబ్రివాక్స్. హ్యూ మెక్‌గైర్ 2005లో మాంట్రియల్‌లో ప్రారంభించిన ఈ స్వచ్ఛంద సేవలో, అమెరికా చట్టం ప్రకారం కాపీహక్కు గడువు తీరిన పుస్తకాలను ప్రపంచం నలుమూలలా ఉన్న ఔత్సాహికులు తమ తమ ఇళ్లలోనే చదివి రికార్డు చేస్తారు. ఆ రికార్డింగుల మీద కూడా ఎవరూ హక్కు ఉంచుకోరు కనుక ఎవరైనా ఉచితంగా దించుకుని వినవచ్చు. మొత్తం రికార్డింగులు 20 వేలకు పైబడ్డాయి. అందులో పొట్టి దెయ్యం కథలను, భయానక కథలను వరుస సంఖ్యలతో సంపుటాలుగా కూర్చి పెట్టారు. రెండవది చందా కట్టి వినవలసిన ఒక సేవ. దాని పేరు ఇక్కడ చెప్పను. అక్కడ వృత్తి నటులు చదువుతారు, వెనక సంగీతం ఉంటుంది, గాలి వీస్తుంది, తలుపులు కిర్రుమంటాయి. డబ్బు తీసుకునేది బాగుంటుందనీ ఉచితంగా వచ్చేది ఓ మోస్తరుగా ఉంటుందనీ అనుకుంటూనే మొదలుపెట్టాను. నాలుగు నెలల తరువాత ఆ అభిప్రాయం చాలావరకు తలకిందులైంది.

పుస్తకంలో భయానక కథ చదివేటప్పుడు మన కన్ను మనకంటే ముందు పరుగెత్తుతుంది. పేజీ తిప్పగానే ఆ పేజీ అడుగున ఉన్న ఆశ్చర్యార్థకాలూ విరిగిన వాక్యాలూ కంటబడతాయి. ఏదో జరగబోతోందని అక్కడికి చేరకముందే తెలిసిపోతుంది. భయం మరీ ఎక్కువైతే నాలుగు వాక్యాలు దాటేసి ముందుకు వెళ్లిపోవచ్చు. చెవికి ఆ వెసులుబాటు లేదు. చదివేవారు ఎంత నెమ్మదిగా నడిపిస్తే అంత నెమ్మదిగానే నడవాలి, వారు ఆగిన చోట ఆగాలి. కనుక ఈ కథలను వినిపించే సేవ ఏదైనా సరే, దాన్ని తూచవలసింది చదివేవారు ఆ పట్టును ఎలా వాడుకున్నారన్న దాన్ని బట్టేనని నాకు అనిపించింది. మంచి గొంతు, స్పష్టమైన ఉచ్చారణ, రికార్డింగు శుభ్రత అన్నీ దాని తరువాతే.

ముందుగా ఎడ్గార్ అలన్ పో 1843లో ప్రచురించిన ‘ది టెల్-టేల్ హార్ట్’ సంగతి చెబుతాను; ఒకే కథను రెండు సేవల్లోనూ విన్నది దీంతోనే మొదలైంది. తనకు పిచ్చి లేదని పదే పదే నమ్మించజూసే ఒక మనిషి, ఒక ముసలివాణ్ణి తాను ఎలా చంపాడో చెప్పే కథ ఇది. ఏడు రాత్రులు అర్ధరాత్రి వేళ తలుపు సందులోంచి తల దూర్చి చూస్తాడు. ఎనిమిదో రాత్రి లాంతరు మీద వేలు జారి చిన్న చప్పుడవుతుంది, ముసలివాడు ‘ఎవరది?’ అంటూ లేచి కూర్చుంటాడు. ఆ తరువాత గంటసేపు ఇద్దరూ చీకట్లో కదలకుండా ఉండిపోతారు. లిబ్రివాక్స్‌లో మేము విన్న పఠనంలో చదివే వ్యక్తి ఆ ప్రశ్న తరువాత రెండు మూడు క్షణాలు ఏమీ పలకలేదు. మా మేనల్లుడి ఊ ఆగింది అక్కడే. హత్య దగ్గర ఆగలేదు, శవాన్ని నేల పలకల కింద దాచిన చోటా ఆగలేదు. గదిలో ఎవరి ఊపిరి వారికి వినిపించేంత నిశ్శబ్దం ఆవరించింది. ఆ రెండు క్షణాలు చదివే ఆయన కావాలనే ఆగాడో, పేజీ తిప్పుకోవడానికి ఆగాడో నాకు తెలియదు. ఏదైనా మాకు దక్కింది దక్కింది.

అదే కథను చందా సేవలో విన్నప్పుడు మొదటి వాక్యం నుంచే వెనక గుండె చప్పుడు వినిపించింది. చదివిన నటుడు నిస్సందేహంగా ప్రతిభావంతుడు. గొంతులో వణుకూ వెటకారమూ దొంగ ధీమా అన్నీ పలికాయి. కానీ ఈ కథ మొత్తం ఒక్క సందేహం మీద నిలబడి ఉంది: చివర్లో ఆ హంతకుడికి వినిపిస్తున్న గుండె చప్పుడు నిజంగా ఉందా, వాడి బుర్రలోనే ఉందా? ఇంట్లోకి వచ్చిన ముగ్గురు పోలీసులకు అదేమీ వినిపిస్తున్నట్టు లేదు. వాళ్లు నవ్వుతూ కబుర్లు చెప్పుకుంటూనే ఉంటారు. వింటున్న మనం ఆ పోలీసుల పక్కన కూర్చుని వాడి ముఖంలోకి చూస్తూ ఉండాలి. చప్పుడు మన చెవికే వినిపించిన మరుక్షణం మనం వాడి తరఫు సాక్షులమైపోతాము, సందేహం కాస్తా తీరిపోతుంది. శబ్దాలు జోడించిన సాంకేతిక నిపుణుడు కథను అలంకరిస్తున్నాననే అనుకుని ఉంటాడు. చేసింది మాత్రం కథలోని చిక్కుముడిని విప్పి చేతిలో పెట్టడం. మేనల్లుడు చివరిదాకా ఊ కొడుతూనే ఉన్నాడు.

డబ్ల్యూ. డబ్ల్యూ. జేకబ్స్ 1902లో రాసిన ‘ది మంకీస్ పా’ విన్న రాత్రి గురించి కొంచెం ఎక్కువగా చెప్పాలి. మూడు కోరికలు తీర్చే ఎండిన కోతి చెయ్యి, మొదటి కోరికగా అడిగిన 200 పౌండ్లు, కార్ఖానా యంత్రంలో పడి చనిపోయిన కొడుకుకు పరిహారంగా సరిగ్గా అంతే మొత్తం రావడం, తల్లి పట్టుబట్టి బిడ్డను మళ్లీ బతికించమని రెండో కోరిక కోరించడం, అర్ధరాత్రి వీధి తలుపు మీద చప్పుడు కావడం, ఇవన్నీ చాలామందికి తెలిసిన సంగతులే. లిబ్రివాక్స్ సంపుటిలో దీన్ని ఒక మహిళ చదివారు. ఆమె గొంతు సామాన్యమైనది. నటన అంటూ ఏమీ లేదు, తలుపు చప్పుడు వచ్చే చోట కూడా ఆ మాటను మాటలాగే చదివారు. అయితే తల్లి పరుగున వెళ్లి తలుపు గొలుసు తీయడం, పై గడియ అందక భర్తను పిలవడం, గడియ అందుకోవడానికి కుర్చీ లాగడం, ఈలోగా తండ్రి పడకగదిలో నేల మీద పాకుతూ చీకట్లో ఆ కోతి చెయ్యి కోసం తడుముకోవడం వచ్చే భాగంలో ఆమె వేగం ఎవరికీ తెలియకుండా పెరుగుతూ వచ్చింది. కుర్చీ కాళ్లు నేల మీద రాసుకున్న మాట దగ్గర ఊ ఆగింది. మూడో కోరిక కోరగానే చప్పుడు ఆగిపోయి, తలుపు తెరుచుకుని, ఎదుటి వీధి దీపం వెలుగులో నిర్మానుష్యంగా ఉన్న దారి మాత్రమే కనిపించే చివరి వాక్యాన్ని ఆమె మునుపటి నెమ్మదికి తిరిగి వచ్చి చదివారు.

చాలాసేపు ఎవరూ దీపం వేయలేదు. అప్పుడు మా అక్క, ‘తలుపు తీయనివ్వాల్సింది రా, ఎలా ఉన్నా వాడు వాళ్ల బిడ్డే కదా’ అంది. ఈ కథను నేను ముందే రెండు మూడు సార్లు చదివి ఉన్నాను. తండ్రి చేసింది సరైనదేనని, పాఠకులెవరైనా ఊపిరి పీల్చుకునేది ఆ మూడో కోరిక తరువాతేనని అంతకాలం అనుకున్నాను. తలుపుకు ఇవతల గడియ అందక అవస్థపడుతున్న తల్లి వైపు నుంచి చూసేవారికి ఆ చివరి వాక్యం ఊరట కాదని, రెండోసారి కొడుకును పోగొట్టుకోవడమని నాకు తట్టనే లేదు. ఆ స్త్రీ గొంతులో విన్నందువల్లే మా అక్కకు అలా అనిపించిందేమో చెప్పలేను. చందా సేవలోని రూపంలో మాత్రం తలుపు అవతల కాళ్లీడ్చుకుంటున్న చప్పుడు, ఒక మూలుగు చేర్చారు. జేకబ్స్ తలుపు అవతల ఏముందో ఒక్క మాటైనా చెప్పకుండా పూర్తిచేసిన కథలో ఆ మూలుగు ఎక్కడి నుంచి వచ్చిందో వాళ్లే చెప్పాలి. నా మిత్రుడు పకపకా నవ్వాడు. ఆ రాత్రికి ఆ కథ అక్కడితో ముగిసింది.

గొంతు కోసమే పుట్టిన కథలు వినాలనుకునేవారు ఎం. ఆర్. జేమ్స్ దగ్గరికి వెళ్లాలి. కేంబ్రిడ్జిలో పాత రాతప్రతుల పండితుడైన ఆయన 1893లో చిట్‌చాట్ సొసైటీ అనే మిత్రుల సంఘంలో తన దెయ్యం కథలను మొదటిసారి చదివి వినిపించారు. ఆ తరువాత క్రిస్మస్ రోజుల్లో మిత్రులను పోగుచేసి, ఒక్కటి తప్ప కొవ్వొత్తులన్నీ ఆర్పేసి, అప్పుడే రాసి ముగించిన కథను చదవడం ఆయనకు అలవాటైంది. తొలి సంపుటి అచ్చయింది 1904లో. ఆయన వాక్యాల్లో ఆ కూర్చున్న మిత్రుల ఉనికి ఇంకా మిగిలే ఉంది: నింపాదిగా, కాస్త వ్యంగ్యంగా, పక్కదారులు పడుతూ సాగుతాడు, ఎక్కడా గొంతు పెంచడు. ‘ఓ, విజిల్, అండ్ ఐ విల్ కమ్ టు యూ, మై లాడ్’ కథలో దెయ్యాలను నమ్మని ఒక ప్రొఫెసరు సముద్రతీరపు సత్రంలో రెండు మంచాలున్న గదిలో దిగుతాడు. ఒక పాత ఈల దొరుకుతుంది, దాన్ని ఊదుతాడు. రెండో మంచం మీద ఎవరూ పడుకోకపోయినా పొద్దున పక్క నలిగి ఉంటుంది. చివరికి ఒక రాత్రి ఆ మంచం మీద ఏదో లేచి కూర్చుంటుంది. మేము విన్న లిబ్రివాక్స్ పఠనం నలభై నిమిషాలు దాటింది. అందులో మొదటి ఇరవై నిమిషాలు గోల్ఫ్ ఆట, భోజనశాల సంభాషణ. సంగీతం ఉన్న రూపంలో ఆ ఇరవై నిమిషాలను కత్తిరించి ఏడెనిమిది నిమిషాలకు కుదించారు. ఇది నాకు అన్నిటికంటే పెద్ద తప్పుగా తోచింది. ఆ ప్రొఫెసరు గదికి, ఆ రెండో మంచానికి మనం అలవాటుపడితేనే కదా, దాని మీది దుప్పటి కదిలినప్పుడు మన వెన్ను జలదరించేది! పూర్తి పఠనం విన్న మర్నాడు నా మిత్రుడు ఫోన్ చేశాడు. తన గదిలో ఖాళీగా పడి ఉండే రెండో మంచం మీది దుప్పటిని రాత్రి మడతపెట్టి బీరువాలో పెట్టి తాళం వేశాడట. నవ్వుతూనే చెప్పాడు.

మిగిలిన కథల గురించి క్లుప్తంగా చెబుతాను. చార్లెస్ డికెన్స్ 1866లో ప్రచురించిన ‘ది సిగ్నల్-మేన్’ ఒక కేకతో మొదలవుతుంది. పైనుంచి ఎవరో పిలిస్తే, కింద పట్టాల పక్కన ఉన్న ఆ రైల్వే ఉద్యోగి తలెత్తి చూడకుండా సొరంగం వైపు తిరిగి చూస్తాడు. ఆ కేకను గట్టిగా అరిస్తే చాలా రికార్డింగుల్లో మాట చీలిపోతుంది. మాకు దొరికిన పఠనంలో మామూలు గొంతుతోనే పలికారు, అది వందరెట్లు నయం. అంతకు ముందు సంవత్సరం, 1865 జూన్ 9న, స్టేపుల్‌హర్స్ట్ దగ్గర జరిగిన రైలు ప్రమాదం నుంచి డికెన్స్ స్వయంగా బయటపడ్డాడని తెలిసి వింటే ఆ సొరంగం ఇంకా చీకటిగా తోస్తుంది. షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ 1892 నాటి ‘ది యెల్లో వాల్‌పేపర్’ను మాత్రం నలుగురిలో వినకండి. ఒక గదిలో విశ్రాంతి పేరిట బందీ అయిన స్త్రీ దొంగచాటుగా రాసుకునే మాటలవి. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒంటరిగా వింటే ఆ గొంతు మన తలలోంచే వస్తున్నట్టుంటుంది. ఇక హెచ్. పి. లవ్‌క్రాఫ్ట్ కథ ‘ది కాల్ ఆఫ్ కతూలూ’ మా దగ్గర పూర్తిగా విఫలమైంది. కాగితం మీద మహా గంభీరంగా కనిపించే ఆ విశేషణాల బారులు గొంతులోకి వచ్చేసరికి ఒకదాన్నొకటి తోసుకుంటాయి. మేనల్లుడి ఊ ఎక్కడా ఆగలేదు గానీ, ఒక చోట గురకగా మారింది. బ్రామ్ స్టోకర్ ‘డ్రాక్యులా’ డైరీలు, ఉత్తరాలు, తంతివార్తల అల్లిక కనుక పాత్రకొకరు చదివితే బాగుంటుంది. ఒక్కరే చదివిన రూపంలో ఎవరి డైరీ వింటున్నామో మాటిమాటికీ మరిచిపోయాము.

శ్రోతల స్పందన అన్నది నమ్మదగిన కొలబద్దేనా అని ఎవరైనా అడగవచ్చు. 1938 అక్టోబరు 30న అమెరికా నటుడు ఆర్సన్ వెల్స్ బృందం అంగారక వాసుల దాడి కథను వార్తల రూపంలో రేడియో నాటకంగా ప్రసారం చేసినప్పుడు దేశమంతా వీధుల్లోకి పరుగెత్తిందని మర్నాటి పత్రికలు రాశాయి. ఆ భయాందోళనను పత్రికలే చాలావరకు పెంచి చెప్పాయని తరువాతి పరిశోధకులు తేల్చారు. భయపడ్డామని చెప్పుకోవడం, ఎదుటివారు భయపడ్డారని చెప్పడం రెండూ మనుషులకు సరదా. మరోవైపు భయపడి కూడా పడలేదనేవారున్నారు. యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు 2020లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, కథా ఘట్టాలను దృశ్యంగానూ శ్రవణంగానూ అందుకున్నవారు దృశ్యమే తమను ఎక్కువ లీనం చేసిందని చెప్పారు గానీ, వారి గుండె వేగమూ చర్మపు తేమా వింటున్నప్పుడే ఎక్కువగా ఉన్నాయి. ఆ అధ్యయనానికి నిధులిచ్చింది ఆడియో పుస్తకాల వ్యాపారం చేసే సంస్థే కనుక కొంచెం అనుమానంతోనే వినాలి. మా కాగితం మాత్రం దానితో ఏకీభవిస్తోంది: ‘నాకేం భయం వేయలేదు’ అన్న కథల్లోనే మేనల్లుడి ఊ అన్నిటికంటే ముందు ఆగింది.

గుండె వేగం మాట వచ్చింది కనుక ఒక సంగతి. డికెన్స్ తన చివరి ఏళ్లలో తన నవల ‘ఆలివర్ ట్విస్ట్’లోని నాన్సీ అనే పాత్ర హత్యా ఘట్టాన్ని వేదికల మీద చదివేవాడు. అది తన ఆరోగ్యాన్ని తినేస్తోందని తెలిసినా మానలేదు. వైద్యుడు పక్కనే ఉండి నాడి చూస్తే, మామూలుగా 72 ఉండేది ఆ ఘట్టం తరువాత వందను బాగా దాటేదట. చదివేవారు తాము చదువుతున్న దానికి తామే మొదటి శ్రోతలు. లిబ్రివాక్స్ ఔత్సాహికుల పఠనాల్లో నాకు నచ్చిన వాటన్నిటిలో ఆ లక్షణం ఉంది. కథ ఎటు పోతుందో తమకే కొంచెం బెరుగ్గా ఉన్నట్టు చదువుతారు. అందరూ అలాంటివారు కారని కూడా చెప్పాలి. స్వచ్ఛంద సేవ కనుక చదవగోరిన వారందరికీ అక్కడ చోటుంది. ఒకే సంపుటిలో ఒక కథ అద్భుతంగా ఉంటే పక్కది రైల్వే ప్రకటనలా ఉండవచ్చు. ఒకే కథకు మూడు నాలుగు పఠనాలుంటాయి కాబట్టి, ఒక్కోదాన్ని రెండేసి నిమిషాలు వినిచూసి ఎంచుకోవడం మంచిది.

చందా సేవ మీద నాకున్న ఫిర్యాదులు శబ్దాలతో ఆగవు. ఒక కథ ముగిసిన అయిదు క్షణాలకే తరువాతి కథ దానంతటదే మొదలవుతుంది. ‘ది మంకీస్ పా’ చివరి వాక్యం తరువాత మేము కూర్చున్నంతసేపు మౌనంగా కూర్చోవడం అందులో సాధ్యమే కాదు. ఆ అమరికను మార్చే మీట కోసం ఒక సాయంత్రమంతా వెతికాను, దొరకలేదు. సహాయ విభాగానికి రాస్తే, సలహా ఇచ్చినందుకు ధన్యవాదాలంటూ జవాబు వచ్చింది. పైగా గుసగుసలు చెవికి ఆననంత చిన్నగా, కేకలు ఉలిక్కిపడేంత పెద్దగా రికార్డు చేశారు. ఉలికిపాటు వేరు, భయం వేరు. పళ్లెం కిందపడినా ఉలిక్కిపడతాము. ధ్వని పెంచుతూ తగ్గిస్తూ చేతిని మీట మీదే ఉంచుకుని కూర్చున్నవాడికి ఒళ్లు గగుర్పొడిచే తీరిక ఎక్కడిది? న్యాయంగా చెప్పాలంటే అక్కడి ‘డ్రాక్యులా’, పాత్రకొక నటుడితో, శబ్దాలు తక్కువగా, నిజంగా బాగా చేశారు. ఆ ఒక్కదాని కోసం ఒక నెల చందా కట్టవచ్చు. రెండో నెల అవసరం లేదు.

వినదలచినవారికి రెండు మాటలు. వేగాన్ని పెంచకండి, మేనల్లుడు ఒకసారి ఒకటిన్నర రెట్లు పెట్టి ‘ది టెల్-టేల్ హార్ట్’ వింటే ఆ హంతకుడు బస్సు అందుకోవడానికి హడావుడి పడుతున్నవాడిలా వినిపించాడు. నిద్రపట్టడానికి ఈ కథలను వాడదలిస్తే, ఇంత సేపటికి ఆగిపోవాలని ముందే గడువు పెట్టుకోండి. మేము జేమ్స్ కథ విన్న రాత్రి మా అక్క ఆ పని మరిచిపోయింది. తెల్లవారుజామున మూడు గంటలకు ముందు గదిలో ఎవరో మగమనిషి తాపీగా మాట్లాడుతున్నాడని నన్ను లేపింది. లేచి వెళ్లి చూస్తే, చీకట్లో ఎవరూ వినకపోయినా సంపుటిలోని ఏడో కథ సాగిపోతోంది. నేను ఆపేశాను. అక్క మాత్రం స్పీకర్ ప్లగ్గు కూడా ఊడదీసి, దాన్ని గోడ వైపు తిప్పిపెట్టి, అప్పుడు పడుకుంది.